వెనుక కూర్చుండిపోయిన పాత కార్ల విషయమై మా కస్టమర్లకు

ఆటోనగర్‌లోని మా షెడ్డుకు వచ్చే పాత కార్లలో చాలావాటిది ఒకటే ఫిర్యాదు. వెనుక భాగం దిగిపోయింది, నలుగురెక్కితే స్పీడ్ బ్రేకర్ మీద అడుగు తగులుతోంది, కాబట్టి షాకర్లు (షాక్ అబ్జార్బర్లు) మార్చమంటారు. ఇకమీదట ఇలా వచ్చిన బండికి ముందుగా కొలతలు తీయకుండా షాకర్లు మార్చబోమని తెలియజేస్తున్నాము. దీనివల్ల చేతికొచ్చే బేరం మాకు కొంత పోతుంది, మీకు ఒక పూట అదనంగా పడుతుంది.

బండి బరువును మోసేది స్ప్రింగు. ఆ స్ప్రింగు ఊగిసలాటను అణచడమే షాకర్ పని. నూనె కారిపోయి చచ్చిపడిన షాకర్లున్న బండి గుంత దాటాక రెండు మూడుసార్లు ఊగుతుందే తప్ప, నిలిపినచోట కిందికి దిగదు. గ్యాస్ షాకర్లు వేస్తే వెనుక కాస్త లేచినట్లు కనిపించే మాట నిజమే గాని, అలసిన స్ప్రింగుకు అది మందు కాదు.

చదునైన గచ్చు మీద బండిని నిలిపి, డిక్కీ ఖాళీ చేసి, టైర్లలో గాలి సరిచూసి, చక్రం నడిబొడ్డు నుంచి మడ్‌గార్డు అంచు వరకు నాలుగు పక్కలా టేపుతో కొలుస్తాము. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల కూడా లెక్కలో కలిసిపోతుంది. వెనుక రెండు పక్కలా సమానంగా దిగితే స్ప్రింగులు అలసినట్లు, లేదా తర్వాత బిగించిన సీఎన్‌జీ సిలిండరు బరువు వాటికి మించినట్లు అనుకోవాలి. ఒక్క పక్కే దిగితే మాత్రం స్ప్రింగు ఎక్కడైనా విరిగిందేమోనని వెతుకుతాము. కాయిల్ స్ప్రింగు కింది చుట్టు కూర్చునే గిన్నెలో మట్టి, నీరు నిలిచి తుప్పు పడితే స్ప్రింగు అక్కడే విరుగుతుంది. విరిగిన ముక్క గిన్నెలోనే ఉండిపోతుంది కాబట్టి పైకి ఏమీ తెలియదు. బండిని స్టాండ్ల మీదికి ఎత్తి, బురద కడిగి, టార్చి వేసి చూస్తేనే బయటపడుతుంది.

చుట్ల మధ్య దూర్చే రబ్బరు బఫర్లు వేసి పంపమని కొందరు అడుగుతున్నారు. ఆ పని మేము చేయము. బఫరు ఇరికిన చోట స్ప్రింగు కదలదు, ఆ భారం మిగిలిన చుట్ల మీద పడుతుంది, తుప్పు తిన్న స్ప్రింగయితే విరగడానికి దగ్గర దారి దొరికినట్లే.

అంబాసిడర్ వెనుక ఉండేవి కమాన్ కట్టలు, అంటే వంపు తిరిగిన ఉక్కు పట్టీలను ఒకదానిమీద ఒకటి పేర్చి కట్టిన స్ప్రింగులు. వాటిలో పట్టీల వంపు పోయిందా, పట్టీ విరిగిందా, షాకిల్ బుష్‌లు (కట్ట చివర ఊగే లింకులోని రబ్బరు తొడుగులు) అరిగాయా, మధ్య బోల్టు తెగి ఇరుసు పక్కకు జరిగిందా అన్నది విడివిడిగా చూడాలి. పట్టీని ఎర్రగా కాల్చి వంపు కొట్టి, మళ్లీ పదును సరిగా పెట్టకపోతే (వేడిచేసి చల్లార్చి ఉక్కుకు బిగువు తెప్పించకపోతే), కొద్ది నెలల్లోనే కట్ట తిరిగి చదునవుతుంది. అందుకే పని తెలిసిన కమాన్ల షాపుకే పంపుతున్నాము, అక్కడ వరుస ఉంటే ఆలస్యం తప్పడం లేదు. అంబాసిడర్, మారుతి 800 రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది. సరైన కొత్త స్ప్రింగు దొరకడానికి రోజులు పడుతున్నాయి. పాత సామాను కొట్లలో దొరికే స్ప్రింగులు చౌకే అయినా, అవి ఏ బరువు కింద ఎన్నేళ్లు నలిగాయో చెప్పేవారుండరు కనుక మేము బిగించము.

స్ప్రింగులు ఎప్పుడూ జతగానే మారుస్తాము. ఒక్కటే మారిస్తే బండి ఒరిగి నిలబడుతుంది. బుష్‌ల బోల్టులను బండి జాకీ మీద ఉండగా పూర్తిగా బిగించము. చక్రాలు వేలాడుతున్నప్పుడు బిగిస్తే, బండి నేలమీదికి దిగగానే రబ్బరు మెలితిరిగిపోయి త్వరగా చిరుగుతుంది. అందుకే పని అయిపోయిందనుకున్న బండి కిందికి ఇంకోసారి దూరుతుంటే కంగారు పడవద్దు. ఎత్తు మారాక వీల్ అలైన్‌మెంట్, హెడ్‌లైట్ల వెలుగు పడే చోటు కూడా సరిచేయాలి, వాటి ఖర్చును మొదటి అంచనాలోనే రాసి ఇస్తున్నాము. పనికి ముందు, తర్వాత తీసిన కొలతలు రెండూ బిల్లు మీద ఉంటాయి. కొత్త స్ప్రింగులు మొదట్లో కాస్త ఎత్తుగా నిలిచి తర్వాత కుదురుకుంటాయి గనుక, కొన్ని వారాల తర్వాత ఒకసారి వస్తే డబ్బు తీసుకోకుండా మళ్లీ కొలిచి చూపిస్తాము.