ఎర్రెద్దుకు దక్కిన శభాష్

డాలస్,
ఆదివారం రాత్రి

నాన్నా,

ఆఫీసులో నాకేదో వచ్చిందని చెల్లి చెప్పిందటగా, అది బోనసా, బహుమతా అని అడిగావు. రెండూ కాదు, ఒక మాట. కూడోస్. ఆగిపోయిన సర్వరును తెల్లవారేలోపు నడిపించినందుకు మా మేనేజరు అందరికీ పంపిన ఈమెయిల్‌లో నా పేరు పక్కన ఆ మాట రాసింది. మెచ్చుకోలు అనుకో. పైసా రాదు.

పొంగిపోయి పక్క సీటాయనతో "నాకొక కూడో వచ్చింది" అన్నాను. వచ్చింది ఒకటే కదా, చివర 'స్' ఎందుకని తీసేశాను! అది బహువచనం కాదని ఆయన నవ్వాడు. ఆ మాట గ్రీకుదట, కీర్తి అని అర్థం. 19వ శతాబ్దంలో ఇంగ్లండు విశ్వవిద్యాలయాల కుర్రాళ్లు సరదాగా వాడితే ఇంగ్లీషులో పాతుకుపోయింది. అక్కడివాళ్లు 'క్యూడాస్' అంటారు, ఇక్కడివాళ్లు 'కూడోజ్' అని సాగదీస్తారు. ఆ 'జ్' వినే చాలామంది అమెరికన్లు కూడా నాలాగే తోక కత్తిరించారు. కొన్ని నిఘంటువుల్లోకీ ఎక్కింది ఆ మొండి మాట. పరువు కొంత దక్కింది.

మన శభాష్ కూడా బయటి నుంచి వచ్చిందే. పారసీకంలో 'షాద్ బాష్', అంటే సంతోషంగా ఉండు అని. అయితే మన ఇంట్లో ఆ మాట ఎవరికి దక్కేదో గుర్తుందా? హాలియా వాగులో బత్తాయిల బండి దిగబడినప్పుడు ఎర్రెద్దు ముందరి కాళ్లు మడిచి, మెడ సాచి ఒక్క గుంజు గుంజింది. నువ్వు దాని మూపురం మీద చరిచి "శభాష్ రా" అన్నావు. వెనక చక్రానికి భుజం ఆనించి నెట్టింది నేను. మోకాళ్లదాకా బురదతో చాలాసేపు నీ ఎదుటే నిలబడ్డాను. నువ్వు పగ్గాలు సర్దుకుంటున్నావు. నిష్ఠూరం కాదులే, ఈమెయిల్ చదువుతుంటే గుర్తొచ్చింది.

ఎండిపోయిన తోట తీసేసి ఈ వయసులో మళ్లీ బత్తాయి అంట్లు పెట్టావని అమ్మ చెప్పింది. కూడోస్ అయినా, శభాష్ అయినా పెద్దవాళ్లు చిన్నవాళ్లకు చెప్పేవి, తోటివాళ్లు తోటివాళ్లకు చెప్పుకునేవి. నీతో అనడానికి నాకు నోరు రాదు. అంట్లు చిగురు వేశాక చెల్లిచేత ఫొటో తీయించి పంపు. నువ్వు కూడా అందులో ఉండాలి.

నీ కొడుకు