మంత్రి గారూ, మా ఆదివారపు నడక మాన్పించండి

ఆంధ్రప్రదేశ్ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

మేము కాలేజీ మైదానంలో తెల్లవారుజామున నడిచేవాళ్లం. రిటైరైన మాస్టార్లు, మందుల షాపు యజమాని, ఇద్దరు బ్యాంకు ఉద్యోగులు, లైన్‌మన్‌గా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయన, పిల్లల్ని బడికి పంపే హడావుడి మొదలుకాక ముందే ఒక గంట తమకోసం మిగుల్చుకునే ఆడవాళ్లు. సగం మందికి షుగరు ఉంది, మిగతా సగానికి వస్తుందేమోనన్న భయం ఉంది. తిన్నది అరగడానికి నడిచే మేము ఏడాది నుంచి తినని వాళ్ల కోసం కూడా నడుస్తున్నాం. ఆ నడక మాన్పించమని అడగడానికే ఈ ఉత్తరం.

ముందు నడక సంగతి. మాలో ఒకరి అమ్మాయి అమెరికాలో బాస్టన్ దగ్గర ఉంటుంది. అక్కడ 1969 నుంచి ఆకలి మీద పోరాటానికి జనం నడుస్తున్నారు. చాలా ఏళ్లు ఇరవై మైళ్లు నడిచారు. నడిచే మనిషికి తెలిసినవాళ్లు మైలుకు ఇంత అని మాటిస్తారు, ఆ డబ్బు పేదల తిండికి వెళుతుంది. మాకు ఇరవై మైళ్ల ఓపిక ఎక్కడిది? రౌండుకు పది రూపాయలు అనుకున్నాం. నెలలో మొదటి ఆదివారం ఎన్ని రౌండ్లు తిరిగితే అన్ని పదులు, మాటిచ్చినవాళ్లు కట్టాలి. మొదటి నెలలో మందుల షాపాయన లైన్‌మన్ గారి మోకాళ్లు చూసి, మూడు రౌండ్లు దాటవులే అన్న ధీమాతో ‘మీ రౌండుకు వంద’ అన్నాడు. పెద్దాయన పద్నాలుగు తిరిగాడు. ముప్పై ఏళ్లు స్తంభాలెక్కిన కాళ్లు మరి. డబ్బు లెక్కపెట్టేటప్పుడు షాపాయన ముఖం చూడడానికి మైదానమంతా పోగైంది. రెండో నెల నడిచేవాళ్లు పెరగడానికి అదే కారణమని నా అనుమానం.

ఆ డబ్బుతో ప్రతి ఆదివారం మధ్యాహ్నం ప్రభుత్వ ఆసుపత్రి గేటు దగ్గర పులిహోర, పెరుగన్నం పొట్లాలు పంచుతాం. ఆదివారమే ఎందుకో మీకు తెలుసు. మిగతా ఆరు రోజులూ అక్కడ అన్న క్యాంటీన్ ఉంది.

ఆ క్యాంటీన్‌ను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఈ క్యాంటీన్లు 2018లో మొదలై, 2019లో మూతపడి, 2024 ఆగస్టు 15న గుడివాడలో మళ్లీ తెరుచుకున్నప్పుడు సంబరపడ్డవాళ్లలో నేనొకణ్ని. పొద్దున ఐదు రూపాయలకు టిఫిను, మధ్యాహ్నం ఐదు రూపాయలకు అన్నం, కూర, పప్పో సాంబారో, పెరుగు, పచ్చడి, రాత్రికి మరో ఐదు. పదిహేను రూపాయలతో ఒక మనిషికి రోజు గడుస్తుంది. నేనూ వెళ్లి తిన్నాను. అన్నం వేడిగా ఉంది, ఆకలికి అదే సగం కూర.

ఆదివారం మాత్రం సెలవు. ఆఫీసులు మూసి ఉంటాయి కాబట్టి జనం రారనుకున్నారేమో. కలెక్టరేట్ దగ్గర రారు, ఒప్పుకుంటాను. ఆసుపత్రి దగ్గర?

మేము మొదలుపెట్టిన కొత్తలో ఒక ఆదివారం ఆటోలోంచి పొట్లాలు దించుతుంటే, మూసిన క్యాంటీన్ ముందు ఒక పెద్దావిడ నిలబడి ఉంది. మన్యం నుంచి కోడలి కాన్పుకు తోడు వచ్చింది. బిడ్డ బరువు తక్కువని పంపలేదట, వారం దాటింది. గుప్పిట్లో ఐదు రూపాయల బిళ్ల. ‘‘ఇంకా తెరవలేదేమిటి బాబూ?’’ అని అడిగింది. ఆదివారమమ్మా, సెలవు అన్నాను. ‘‘ఇవాళ ఆదివారమా!’’ అంది. ఆసుపత్రి వరండాలో చాప మీద పడుకునేవాళ్లకు వారాలకు పేర్లుండవు, డాక్టరు వచ్చే పూట, రాని పూట, అంతే.

పొట్లం చేతిలో పెట్టాను. ఆమె బిళ్ల నా చేతిలో పెట్టింది. ఇది ఉచితమమ్మా, డబ్బు వద్దు అన్నాను. పొట్లం వెనక్కి ఇవ్వబోయింది.

నిజం చెబుతున్నాను, నాకు చిరాకే వచ్చింది. ఎండలో నిలబడి పంచుతుంటే ఈవిడ బెట్టేమిటి అనుకున్నాను. ఇంటికి వెళ్లి కంచం ముందు కూర్చున్నాక గాని తట్టలేదు. ఆరు రోజులు ఆమె వరుసలో నిలబడి, డబ్బిచ్చి, టోకెన్ తీసుకుని తిన్న మనిషి. ఏడో రోజు ఆమె చేత చెయ్యి చాపించింది నేనే.

రోగికి ఆసుపత్రి వాళ్లు భోజనం పెడతారు. తోడు వచ్చినవాళ్ల సంగతి వాళ్లే చూసుకోవాలి. నెలకు మనిషికి ఐదు కిలోల రేషన్ బియ్యం ఉచితంగా వస్తున్నాయి కదా అని మా మైదానంలోనే ఒకాయన వాదించారు. వస్తున్నాయి. ఆ బియ్యం ఆమె ఇంట్లో ఉన్నాయి. పొయ్యి కూడా అక్కడే ఉంది.

బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి మీ ప్రభుత్వం డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టింది. మంచి పని. లంకల గన్నవరంలో ఆవిడ పొయ్యి ఆరేది కాదంటారు. ఒకసారి అంతర్వేది దర్శనానికి బయలుదేరితే, దారిలో ఒక పెళ్లివారు ఆకలికి ఏడుస్తున్న పిల్లల్ని ‘సీతమ్మ గారింటికి వెళితే అన్నం పెడతారు’ అని ఊరడించడం విన్నారట. దర్శనం మానుకుని ఇంటికి తిరిగి వెళ్లి వంట మొదలుపెట్టారని కోనసీమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. దేవుణ్ని చూడడానికి కూడా సెలవు తీసుకోలేకపోయిన మనిషి పేరు మీరు పెట్టుకున్నారు.

క్యాంటీన్‌లో పనిచేసేవాళ్లకు వారానికో సెలవు ఉండాల్సిందే. నర్సులకు, ఆర్టీసీ డ్రైవర్లకు ఇచ్చినట్టు వంతులవారీగా ఇవ్వండి. అన్నీ తెరవమనడం లేదు. ప్రభుత్వ ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల దగ్గరివి చాలు. మూడు పూటలా కుదరకపోతే మధ్యాహ్నం ఒక్క పూటతో మొదలుపెట్టండి.

ఖర్చు ఉంటుంది. ఐదు రూపాయలకు అంత భోజనం రాదనీ, మిగతాది ప్రభుత్వం భరిస్తోందనీ తెలుసు. పుట్టినరోజులకు, పెళ్లిరోజులకు క్యాంటీన్లకు విరాళాలు ఇచ్చేవాళ్లు ఇప్పటికే ఉన్నారు. ఆదివారాల కోసం వేరే ఖాతా తెరిచి, అసలు ముట్టుకోకుండా వడ్డీతో నడపండి. తిరుమలలో 1985లో మొదలైన నిత్యాన్నదానానికి దాతలు ఇచ్చిన డిపాజిట్ల వడ్డీయే ఆసరా, అక్కడ వారం వర్జ్యం ఏమీ లేవు. మా రౌండ్ల డబ్బు నెలనెలా ఆ ఖాతాలో వేస్తాం.

మీరే నడిపించుకోవచ్చు కదా అంటారేమో. మా వల్ల కాదు. వర్షాకాలంలో మైదానం బురద, సంక్రాంతికి సగం మంది ఊళ్లలో ఉండరు. మొన్న జనవరిలో ఒక ఆదివారం నలభై పొట్లాలకే డబ్బు తేలింది. వరుస గేటు దాటి మందుల కౌంటరు దాకా ఉంది. నలభై ఒకటో మనిషి ఒక కుర్రాడు, చెయ్యి విరిగిన తమ్ముణ్ని తీసుకొచ్చాడు. అతనికి ఖాళీ బుట్ట చూపించాను. అతను ‘‘పర్లేదు సార్’’ అన్నాడు.

మరో మాట. ఏడాది నిండిందని పెద్ద నడక పెట్టి, మీ చేత జెండా ఊపించాలని మా కార్యదర్శి పట్టుదలగా ఉన్నారు. నేను అడ్డుపడ్డాను. ఆయన గీయించిన ఫ్లెక్సీల ఖర్చు చూస్తే నాలుగు ఆదివారాల పెరుగు వస్తుంది. మీరు రావాలనుకుంటే ఏదైనా ఒక ఆదివారం పన్నెండున్నరకు, ముందుగా ఎవరికీ చెప్పకుండా, ఆసుపత్రి గేటు దగ్గరికి రండి.

ఆ పెద్దావిడ బిళ్ల నేను చివరికి తీసుకున్నాను. ఆ తర్వాత అలా ఇచ్చేవాళ్లను కాదనడం మానేశాం. బల్ల మీద ఒక హార్లిక్స్ సీసా పెట్టాం, వేసేవాళ్లు వేస్తారు, లేనివాళ్లు వేయరు. ఇప్పుడది మెడ దాకా నిండింది. వాళ్లు ఆ బిళ్లలు తెచ్చుకున్నది మీ క్యాంటీన్ కోసం. ఆదివారం అది తెరిచిన రోజున సీసా తెచ్చి మీ కౌంటర్‌లో లెక్క అప్పజెబుతాం.

భవదీయుడు,
కాలేజీ మైదానంలో నడిచేవాళ్లలో ఒకడు