ఎయిట్ మైల్ రోడ్డు దాటి వచ్చాను

ఒరేయ్ ఏసూ,

ఫోన్లో చెప్తే తేలే సంగతి కాదని కూర్చుని రాస్తున్నాను. వాట్సాప్‌లో ముక్కలుగా పంపితే నువ్వు ఒక చేత్తో జిరాక్స్ తీస్తూ సగం చదివి బొటనవేలు బొమ్మ పెట్టేస్తావు. షాపు కట్టేశాక, అన్నం తిని, తీరుబడిగా చదువు.

నేను అమెరికాలో డెట్రాయిట్‌లో ఉంటానని మన ఊళ్లో అందరూ అనుకుంటారు కదా. నిజానికి నేనుండేది ట్రాయ్‌లో. డెట్రాయిట్‌కి ఉత్తరాన, వేరే ఊరు. గుడి, ఇండియన్ షాపులు, మంచి స్కూళ్లు, బోలెడుమంది మనవాళ్లు. డెట్రాయిట్‌కి ఉత్తరపు పొలిమేర ఎయిట్ మైల్ అనే రోడ్డు. ఆ రోడ్డుకి అవతల, డెట్రాయిట్‌లో, నూటికి డెబ్బై అయిదు మందికి పైగా నల్లజాతివాళ్లే. నేను వచ్చిన కొత్తలో ఇల్లు చూపించిన ఏజెంటూ, సామాను సర్దిపెట్టిన మనవాళ్లూ ఒకటే మాట చెప్పారు: "ఎయిట్ మైల్ దాటకు." ఎందుకని నేను అడగలేదు. ఆరేళ్లపాటు ఆ రోడ్డు దాటలేదు కూడా. బేస్‌బాల్ మ్యాచ్‌కి వెళ్లినా హైవే దిగితే స్టేడియం, స్టేడియం నుంచి మళ్లీ హైవే.

ఈ వేసవిలో దాటాను. మా ఆఫీసులో టెస్టింగులో ఒకావిడ ఉంది, అరవైకి దగ్గర. నల్లజాతి ఆవిడ. నేను మనసులో అక్క అనుకుంటాను, పైకి పేరుతోనే పిలుస్తాను, ఇక్కడి పద్ధతి అంతే. ఒకరోజు భోజనాల దగ్గర, వాళ్ల పేటలో ఇంటర్నెట్ వాళ్లే వేసుకున్నామని మామూలుగా చెప్పింది. నాకు వెంటనే నువ్వు గుర్తొచ్చావు. ఎలా వేశారు, ఏం వాడారు అని ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తుంటే, శనివారం వచ్చి చూసుకోమంది.

వాళ్ల పేట పేరు ఐలండ్‌వ్యూ. అక్కడ చర్చ్ ఆఫ్ ది మెసయ్య అని పాత చర్చి ఉంది. ఈ పని 2016లో మొదలైందట. డెట్రాయిట్ కమ్యూనిటీ టెక్నాలజీ ప్రాజెక్ట్ అనే స్థానిక సంస్థ మూడు పేటల్లో పెట్టింది: ఐలండ్‌వ్యూ, నార్త్ ఎండ్, సౌత్‌వెస్ట్. అప్పట్లో ఈ ఊళ్లో నూటికి దాదాపు నలభై మందికి ఇంట్లో నెట్ లేదు. కార్ల ఊరు, ఫోర్డు ఊరు, నమ్ముతావా?

పని జరిగే తీరు నీకైతే రెండు ముక్కల్లో అర్థమవుతుంది. పేటకి ఒక గిగాబిట్ ఫైబర్ లైను, అంటే బాగా వేగమైన నెట్ లైను, తెస్తారు. దాన్ని ఎత్తైన కట్టడం మీద యాంటెనాకి కలుపుతారు. అక్కణ్నుంచి కనుచూపు మేరలో ఉన్న ఇళ్ల కప్పుల మీద చిన్న డిష్షులు. ఒక డిష్షు ఇంకో డిష్షుకి కనబడాలి, అదే మొత్తం కిటుకు. చలికాలంలో బాగా వచ్చిన సిగ్నల్ వేసవిలో చెట్లు ఆకులేస్తే పడిపోతుంది. ఇంజినీర్లు వచ్చి బిగించి పోవడం లేదురా. ఆ పేటవాళ్లకే కొన్ని వారాలు శిక్షణ ఇస్తారు, డిజిటల్ స్టీవార్డ్స్ అంటారు వాళ్లని. అక్క కూడా అలాగే నేర్చుకుంది. యాభై దాటాక నిచ్చెనెక్కింది! నెట్ కేబుల్ చివర పిన్ను నొక్కే తన క్రింపింగ్ ప్లయర్ ఆవిడ తెచ్చి చూపిస్తే నాకు నవ్వాగలేదు. 2006లో నువ్వు నెట్ సెంటర్ తెరిచినప్పుడు ఇద్దరం రాత్రంతా కూర్చుని ఆర్‌జె-45 పిన్నులు నొక్కలేదూ? రంగుల వరస తప్పేసి ఇరవై పిన్నులు పాడుచేశాను. నీకింకా గుర్తుంటుంది, నాకు తెలుసు.

చర్చి నేలమాళిగలో కొన్నాళ్లు పిల్లలు సైకిళ్లు బాగుచేయడం, సోల్డరింగ్ నేర్చుకునే వర్క్‌షాపు కూడా నడిచిందట. నెట్ అక్కడ ఒంటరిగా రాలేదు. బాగుచేసుకోవడం వచ్చినవాళ్లు ఉన్నచోటికి వచ్చింది. నాకు బాగా నచ్చింది ఇదే.

తిరిగొచ్చేటప్పుడు అక్క ఒక గోడ చూసి వెళ్లమంది. ఎయిట్ మైల్‌కి దగ్గరే, బర్‌వుడ్ అనే వీధి వెనక. అర మైలు పొడవు, ఆరడుగుల ఎత్తు, అంటే నీ అంత. 1941లో ఒక బిల్డరు తెల్లవాళ్లకి ఇళ్లు కట్టాలనుకున్నాడు. పక్కనే నల్లవాళ్లుంటున్నారు కాబట్టి అప్పులకి హామీ ఇవ్వనంది ప్రభుత్వ గృహరుణాల సంస్థ. వాడు మధ్యలో ఈ గోడ కట్టాడు, హామీ వచ్చింది. అంతకుముందే ముప్ఫైల్లో ఇలాంటి పేటలన్నిటికీ మ్యాపుల్లో ఎర్రరంగు పులిమారు, ఇక్కడ అప్పివ్వకండి అని. అప్పు లేకపోతే ఇల్లు లేదు, కొట్టు లేదు, పిల్లలకి మిగిల్చేది లేదు. ఆ వీధుల్లోనే ఇప్పుడు మంచి లైన్లు వేయడానికి కంపెనీలు వెనకాడతాయని అక్క కోపం. ఆ ఎర్రరంగు మ్యాపుల పేరుతోనే దీన్ని ఇక్కడ డిజిటల్ రెడ్‌లైనింగ్ అంటారు. ఇప్పుడు గోడకి రెండు పక్కలా నల్లజాతివాళ్లే ఉన్నారు. కొంత మేర బొమ్మలు వేశారు. పిల్లలు పక్కనే ఆడుకుంటున్నారు.

అక్కడ నిలబడి నేను అమెరికా గురించి ఆలోచించలేదురా. మన ఊరి పంట కాలువ గురించి ఆలోచించాను. మనకి గోడ లేదు, కాలువ ఉంది. ఇవతల మేము, అవతల మీ పేట. మా నాయనమ్మ నీకు అరుగు మీదే మజ్జిగ ఇచ్చేది, ఆ గ్లాసు విడిగా చూరులో ఉండేది. నాకు తెలుసు. నీకూ తెలుసు. పదేళ్ల వయసులో తెలీదని సరిపెట్టుకున్నాను, ఇరవై ఏళ్లకి కూడా ఒక్క మాట అనలేదు. ఇక్కడ "దాటకు" అంటే ఎందుకని అడగకుండా ఎలా ఉన్నానో నాకు అప్పుడు అర్థమైంది. అలవాటు ముందే ఉంది.

ఇంకో సంగతి కూడా విను. 1965 దాకా మన దేశం నుంచి ఏటా వందమందికే ఇక్కడ కోటా. ఆ ఏడాది వచ్చిన వలస చట్టం ఆ తలుపు తీసింది. నల్లజాతివాళ్లు లాఠీలు తిని, కుక్కలతో కరిపించుకుని సాధించిన హక్కుల చట్టాల వెంటే అదీ వచ్చింది. అంటే నేనీ ఉద్యోగంలో కూర్చోవడానికి వాళ్లూ కారణమే. నేను వాళ్లకి బాకీ. మనవాళ్ల పార్టీల్లో మాత్రం వాళ్ల మీద జోకులు. నేనూ నవ్వినవాణ్నే.

అక్క ఇంటికి దగ్గర్లోనే గ్రేస్ లీ బాగ్స్ అనే ఆవిడ ఉండేదట. చైనా నుంచి వచ్చినవాళ్ల కూతురు, తత్వశాస్త్రంలో డాక్టరేటు. యాభైల్లో ఇక్కడికొచ్చి జేమ్స్ బాగ్స్ అనే నల్లజాతి కార్ల కార్మికుణ్ని పెళ్లి చేసుకుని, 2015లో నూరేళ్ల వయసులో పోయేదాకా ఇక్కడే ఉంది. 1992లో ఖాళీ స్థలాల్లో తోటలు వేయడానికి కుర్రాళ్లని పోగేసింది. ఆవిడ ఆరు దశాబ్దాలు. నేను ఆరేళ్లకి ఒక శనివారం. లెక్క చూసుకో.

కొట్ల సంగతి చెప్పకపోతే నువ్వు ఊరుకోవు. నార్త్ ఎండ్‌లో, వుడ్‌వర్డ్ అనే పెద్ద రోడ్డు మీద, డెట్రాయిట్ పీపుల్స్ ఫుడ్ కోఆప్ అని 2024 మే నెలలో తెరిచారు. నల్లజాతివాళ్ల నాయకత్వంలో, వాటాదారులదే కొట్టు. 200 డాలర్లు కడితే సభ్యత్వం, ఎన్ని డబ్బులున్నా ఓటు ఒకటే. మన పాలకేంద్రం గుర్తొస్తుంది, ప్రెసిడెంటు గారి బావమరిది లేకుండా. తోటకూర కొన్నాను, ధర కొంచెం ఎక్కువే. నీకు అబద్ధం చెప్పను, మా ఆవిడ బిల్లు చూసి మూతి తిప్పింది.

అన్నీ బాగున్నాయనుకోకు. ప్రభుత్వం పేదవాళ్ల నెట్ బిల్లుకి నెలకి 30 డాలర్లు ఇచ్చే పథకం ఉండేది, దేశం మొత్తం మీద రెండు కోట్ల ముప్ఫై లక్షల కుటుంబాలు వాడుకున్నాయి. 2024 మధ్యలో నిధులైపోయాయని ఆపేశారు. పేటవాళ్లు పెట్టుకున్న నెట్‌కి కూడా విరాళాలు కావాలి, నిచ్చెనెక్కే మనుషులు కావాలి. అక్కకి మోకాళ్లనొప్పులు. వచ్చే నెల మూడు కప్పుల మీద డిష్షులు మార్చాలంటే నేను వస్తానన్నాను. ఎత్తంటే నాకు భయమని చెప్పలేదు.

ఇక నీ సంగతికొస్తాను. సాయంత్రమైతే మీ పేట పదో తరగతి పిల్లలు నీ షాపు మెట్ల మీద కూర్చుని నీ వైఫై వాడుకుంటారని చెప్పావు కదా. పీఎం-వాణి అని 2020 చివర్లో కేంద్రం తెచ్చింది, చూశావా? కిరాణా కొట్టువాడైనా, టీ బడ్డీవాడైనా లైసెన్సు లేకుండా వైఫై పాయింటు పెట్టి చిన్న చిన్న ప్యాకులు అమ్ముకోవచ్చు. నీకు రోజుకి నాలుగు డబ్బులు వస్తాయి, పిల్లలకి పరీక్షల నెలలో ఉచితంగా ఇవ్వచ్చు. ఖర్చులో సగం నాది. దానమనుకుని తిట్టకు, వాటా అనుకో, ఓటు ఒకటే.

నాకు కావలసింది ఒక్కటి కనుక్కుని రాయి. మీ చర్చి గోపురం ఎక్కితే పేట చివర మీ మేనత్త ఇల్లు కనబడుతుందా? మధ్యలో ఆ చింతచెట్టు ఇంకా ఉందా, కొట్టేశారా? ఉంటే ఫొటో తీసి పంపు. చెట్టు కొట్టకుండా సిగ్నల్ పక్కనుంచి ఎలా పోవాలో అక్కని అడుగుతాను.

నీ
రాంబాబు