క్వార్ట్‌జ్‌సైట్ ఎడారిలో మా పిల్లి కాటుకని వెతికిపెట్టిన వాళ్ళందరికీ

మా కాటుక దొరికింది. కుడి వెనక కాలు ఇంకా కాస్త ఎత్తిపెట్టే నడుస్తోంది గానీ, కడుపునిండా తింటోంది, మా రెండో పిల్లి మల్లితో పోట్లాటలు కూడా మొదలుపెట్టింది. మెసేజ్‌లు పెట్టిన అందరికీ ముందుగా ఈ కబురు. విడివిడిగా జవాబు ఇవ్వలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

తెలియని వాళ్ళ కోసం: ఈ చలికాలం మా రెండు పిల్లుల్నీ వెంటబెట్టుకుని ఇల్లులాంటి బండి మోటార్‌హోమ్‌లో అమెరికాలోని ఆరిజోనా తిరుగుతున్నాం. క్వార్ట్‌జ్‌సైట్ ఊరి పక్కనే లా పోసా అని ప్రభుత్వ భూమి ఉంది, 11,000 ఎకరాలకు పైమాటే. సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా పర్మిట్ తీసుకుని బండి పెట్టుకోవచ్చు. కరెంటు కనెక్షన్ ఉండదు, ఎవరి సోలార్, ఎవరి జనరేటర్ వాళ్ళదే. ఆ మధ్యాహ్నం ఉన్నట్టుండి లేచిన దుమ్ముగాలికి మా తలుపు గడియ విరిగి, తలుపు బండి గోడకేసి ఫెడేల్మని కొట్టుకుంది. ఆ చప్పుడుకి బెదిరిపోయి కాటుక బయటికి దూకేసింది.

పేరుపెట్టి అరుస్తూ పరిగెత్తబోతున్న నన్ను పక్క బండిలో ఉండే పెద్దావిడ చెయ్యిపట్టి ఆపారు. అమ్మా, మీరు ఆపకపోయి ఉంటే ఏమయ్యేదో. బెదిరిన పిల్లి దూరం పోదు, దగ్గర్లోనే నక్కి నోరు మెదపకుండా ఉంటుంది, గట్టిగా పిలిస్తే యజమాని గొంతుకైనా ఇంకా లోపలికి దూరిపోతుంది అని చెప్పారు. నేను కప్పుకునే దుప్పటి తెచ్చి మెట్ల దగ్గర పరిపించారు. ఆ తర్వాత చుట్టుపక్కల ప్రతి బండికీ నడిచి వెళ్ళి రెండే అడిగారు: పొద్దున బండి తియ్యబోయే ముందు ఇంజన్ మూత ఎత్తి చూడండి, వెచ్చదనానికి పిల్లులు అక్కడికే ఎక్కుతాయి, ఈ రాత్రికి జనరేటర్లు ఆపెయ్యండి.

పొద్దు గుంకేసరికి ఒక్కొక్క జనరేటరే ఆగిపోయింది. ఎడారిలో జనవరి రాత్రంటే చలి ఎముకల్లోకి దిగుతుంది. హీటర్ ఫ్యాన్ వేసుకోవాలన్నా బ్యాటరీ ఎంత ఉందో చూసుకోవాల్సిన వాళ్ళు, ముక్కూమొహం తెలియని మా పిల్లి కోసం రగ్గులు కప్పుకుని చీకట్లో కూర్చున్నారు. ఎవరూ ఎందుకని అడగలేదు. మీలో చాలామంది పేర్లు కూడా నాకు తెలియవు. ఆ నిశ్శబ్దం మీరిచ్చిందే, అందులోనే మా కాటుక దొరికింది.

వెతికే పద్ధతి కూడా ఆవిడే నేర్పారు. టార్చి చేత్తో కిందికి కాదు, కణత పక్కన పెట్టి పట్టుకోవాలి, అప్పుడే ఎదుటి కళ్ళు మెరుస్తాయి. ఎర్రగా మెరిస్తే కుందేలు, ఆకుపచ్చగా మెరిస్తే ఆగు అన్నారు. నల్లపిల్లి, కటిక చీకటి, దూరంగా కయోటీలనే చిన్నపాటి తోడేళ్ళ ఊళలు. తెల్లవారుజామున ఎండు వాగులో ఐరన్‌వుడ్ చెట్టు మొదట్లో రెండు ఆకుపచ్చ చుక్కలు కనబడ్డాయి. దగ్గరికి పోనివ్వలేదు నన్ను. అటు తిరిగి నేలమీద కూర్చోబెట్టి, ట్యూనా డబ్బా తెరిచి పక్కన పెట్టించారు. ఎంతసేపు అలా కూర్చున్నానో తెలీదు. చివరికి అదే వచ్చి నా మోకాలికి తల రాసింది.

కాలినిండా చోయా ముళ్ళు. ఆ జముడు కణుపు తాకితే చాలు ఊడి వచ్చి అతుక్కుంటుంది, ముళ్ళకి వెనక్కి తిరిగిన సన్నటి కొక్కేలుంటాయి. చేత్తో లాగితే మన చేతికి దిగుతాయి. పక్క బండి పెద్దాయన కాటుకని తువ్వాలులో చుట్టి, పెద్ద పళ్ళ దువ్వెన కణుపు కిందికి దూర్చి ఒక్క విసురుతో ఎగరగొట్టారు, మిగిలిన ముళ్ళు పట్టకారుతో ఒక్కొక్కటే తీశారు. అటువైపు పిల్లుల్నో కుక్కల్నో తీసుకెళ్ళే మనవాళ్ళు ఆ రెండూ తలుపు దగ్గరే పెట్టుకోండి.

పొద్దున్నే యూమా ఊరికి తీసుకెళ్ళాం. అపాయింట్‌మెంట్ లేకపోయినా చూసి, లోపల విరిగిన ముళ్ళు తీసిన డాక్టరు గారికి, కాటుక తల నిమురుతూనే ఉన్న నర్సమ్మాయికి దణ్ణాలు.

చాండ్లర్ ఊళ్ళో ఉండే అన్నయ్యా, వదినా, ఫోన్ పెట్టగానే పిల్లులు పట్టే బోను ఎక్కడో అరువు తెచ్చుకుని రెండు గంటలకు పైగా నడుపుకుంటూ వచ్చారు. బోను అవసరం పడలేదు. కానీ బెంగపెట్టుకున్న మల్లిని రాత్రంతా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది వదిన. గడియ బాగుచేసిన పెద్దమనిషి డబ్బు ముట్టుకోలేదు, వదిన తెచ్చిన పులిహోర మాత్రం రెండోసారి అడిగి పెట్టించుకున్నారు. తెనాలిలో మా అమ్మ ఆంజనేయస్వామికి ఆకుపూజ మొక్కుకుంది, వచ్చే మంగళవారం చేయిస్తోంది. మీ అందరి పేరునా సంకల్పం చెప్పించమన్నాను.

మార్చి దాకా మేం టూసాన్ చుట్టుపక్కలే ఉంటాం. ఆ దారిలో ఎవరి పిల్లి అయినా కనబడకపోతే ఎంత రాత్రయినా సరే కబురు పెట్టండి. టార్చి, ట్యూనా, దువ్వెన పట్టుకుని మేమిద్దరం బయల్దేరతాం.