గుంటమగ్గం ముందు కెమెరా

ఒరే సుధాకర్,

పోచంపల్లి నేతకారుల మీద డాక్యుమెంటరీ తీస్తానని రాశావు, చాలా సంతోషం. కెమెరా కొనొద్దు, ఉన్న ఫోన్ చాలు. డబ్బు మైకు మీద పెట్టు.

గుంటమగ్గం దగ్గర మనిషి కాళ్లు గుంటలో పెట్టి నేలమట్టాన కూర్చుంటాడు. నువ్వు నిలబడి తీస్తే సినిమా పొడుగునా ఆయన్ని కిందికి చూస్తూనే ఉంటావు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో కెమెరా నేర్చుకున్న దళిత మహిళలు పైనుంచి తీసేదాన్ని పటేల్ షాట్ అంటారు, కళ్లకు సమంగా తీసేదాన్ని సంఘం షాట్ అంటారు. ట్రైపాడ్ కాళ్లు పూర్తిగా పరిచి, లెన్సును ఆయన కళ్ల ఎత్తుకు దించు.

సెకనుకు 25 ఫ్రేములు, షటర్ 1/50 పెట్టు. మన కరెంటు 50 హెర్ట్జ్, లెక్క తప్పితే ట్యూబ్‌లైటు కింద బొమ్మ మినుకుమంటుంది. మగ్గం ఆడుతుండగా మాట్లాడించకు. నాడె (పేక దారాన్ని అటూ ఇటూ మోసేది) చప్పుడు మాటను మింగేస్తుంది, పైగా ఎక్కడ కోసినా చప్పుడు తెగి ఆ కోత దొరికిపోతుంది. మగ్గం ఆపించి, ఫ్యాను బంద్ చేయించి, కాలర్ మైకు గడ్డానికి జానెడు కింద పెట్టు. గొంతు పెరిగినప్పుడు కూడా మైకు మీటరు -12 డెసిబెల్స్ దగ్గరే ఉండాలి. మాటలయ్యాక అందర్నీ కదలొద్దని చెప్పి అర నిమిషం ఉత్త గది శబ్దం తీసుకో, మాటలు కోసి అతికేచోట ఖాళీ నింపడానికి అదే దిక్కు. మగ్గం చప్పుడు విడిగా రికార్డు చెయ్యి.

"కష్టంగా ఉందా?" అంటే "అవును" అని ఊరుకుంటారు. "నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేశారు?" అని అడుగు. జవాబయ్యాక నాలుగు సెకన్లు నోరు విప్పకు, అసలు సంగతి చాలాసార్లు అప్పుడే వస్తుంది.

ఇక అనుమతి. కాగితం మీద సంతకం చాలదురా. ఎక్కడ చూపిస్తావో, యూట్యూబులోకి ఎక్కాక పూర్తిగా వెనక్కి తీసుకోవడం నీ చేతిలో ఉండదనీ, వద్దనుకుంటే ఏ తేదీలోపు చెప్పాలో కెమెరా నడుస్తుండగానే చెప్పి, ఒప్పుకోలు రికార్డు చెయ్యి. పని ఆగినందుకు కూలి ముందే ఇచ్చెయ్యి, ఏం మాట్లాడినా అదే కూలి అని కూడా చెప్పు.

కూలి గిట్టడం లేదని ఎవరైనా అన్నారనుకో, నూలు ఇచ్చే మాస్టర్ వీవర్ అది చూస్తాడు, రేపు పని ఇవ్వకపోవచ్చు. ముఖం మసక చేస్తే సరిపోదు. గొంతును బట్టి, గోడను బట్టి, మగ్గం మీదున్న డిజైన్‌ను బట్టి ఊరివాళ్లు పోల్చుకుంటారు. అలాంటి మాటకు మగ్గం లేనిచోట, చేతులు కూడా కనపడకుండా తియ్యి, గొంతు వేరేవాళ్లతో చెప్పించి ఆ సంగతి తెర మీద రాయి.

ఆసు పోయడం (నూలును మేకుల చట్రం మీద చుట్టడం), చిటికి కట్టడం (రంగు అంటకూడని చోట నూలును కట్టడం), అద్దకం, నేత, ఇవన్నీ ఒక్క రోజులో దొరకవు. ఒకింట్లో చిటికి, ఇంకో ఇంట్లో చీర తీసి రెండూ ఒకటేనన్నట్టు కలపకు. మాటల్లో కోత కనపడకుండా చేతుల షాటు కప్పుతాం కదా, అర్థం మెలితిరిగేది అక్కడే. అలాంటి ప్రతి అతుకునూ ఏ మాట ఏ నిమిషం, ఏ సెకనులో ఉందో (టైమ్‌కోడ్) రాసుకున్న మాటల కాపీతో సరిచూడు.

రఫ్ కట్, అంటే తొలి కూర్పు, ముందు వాళ్లకు చూపించు. వివరం తప్పుంటే దిద్దు, ప్రాణం మీదికొచ్చే మాటుంటే తీసెయ్. పొగడ్త చేర్చమంటే మాత్రం ఒప్పుకోకు. తర్వాత నాకు పంపు, ముందు బొమ్మ లేకుండా సౌండ్ విని రాస్తాను.

నీ
మధు