ఈరమ్మ, వీరమ్మ ఒకరేనని ఎవరు రాసివ్వాలి? కర్నూలు జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారం.

ఏటా డిసెంబర్ 7న సాయుధ దళాల పతాక దినోత్సవం జరుగుతుంది. 1949 నుంచి దేశమంతా జరుపుకుంటున్నదే. జిల్లా సైనిక బోర్డుకు అధ్యక్షులు మీరే. తహసీల్దార్లకు పై అధికారి కూడా మీరే. ఈ రెండు బాధ్యతలూ ఒకే చేతిలో ఉన్నాయి కాబట్టి, సైన్యం రికార్డులో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు ఉండి పెన్షన్ ఆగిపోయిన జవాన్ల భార్యల గురించి ఇంకెవరికో కాకుండా మీకే రాస్తున్నాను.

నేను ఆదోని మనిషిని. మా నాన్న ఆర్టిలరీలో (ఫిరంగి దళంలో) హవల్దార్‌గా చేసి వచ్చారు. ఇక్కడ కొందరు మాజీ సైనికులు, నాలాంటి సైనికుల పిల్లలం కొంతమంది కలిసి ప్రతి ఆదివారం పొద్దున ఒకచోట కూర్చుంటాం. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పెద్దవాళ్లు, ఎక్కువగా భర్త పోయిన ఆడవాళ్లు, కాగితాలు సంచిలో వేసుకుని వస్తారు. ఫారాలు నింపుతాం. రక్షణ శాఖ పెన్షన్ల స్పర్శ్ పోర్టల్‌లో ఎక్కిస్తాం. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ కార్డుకు అప్లై చేయిస్తాం. పెన్షనర్ బతికే ఉన్నారని చూపే లైఫ్ సర్టిఫికెట్ పని ఏటా ఉండనే ఉంటుంది. పత్తి ఏరి ఏరి చేతులు అరిగిపోయినవాళ్ల వేలిముద్రను మిషన్ తీసుకోదు. ఫోన్‌లో ముఖం చూపించి చేయాలి. కళ్లు ఒకసారి ఆర్పు అవ్వా అంటే గట్టిగా మూసుకుని అలాగే ఉండిపోతారు. పక్కన కూర్చుని, మనం ఆర్పి చూపించి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఇవి ఓపికతో అయ్యే పనులు, మేం చేసుకోగలం. మా చేతుల్లో లేనిది ఒకటుంది, అది చెప్పాలనే ఈ ఉత్తరం.

ఈ మధ్య ఒక అవ్వ మోకాళ్ల నొప్పులతో రాలేనంటే మేమే వాళ్ల ఇంటికి వెళ్లాం. మూలన నల్ల ట్రంకు పెట్టె ఉంది. మూత మీద తెల్ల పెయింటుతో ఆయన నంబరు, ర్యాంకు, పేరు. పేరులో సగం అక్షరాలు రాలిపోయినా నంబరు మాత్రం అలాగే ఉంది. అందులో ఇప్పుడు విత్తనం కందులు పోసుకుంది. కందులను ఒక పక్కకు తోసి, అడుగు నుంచి ప్లాస్టిక్ కవరు తీసింది. సైన్యం నుంచి వచ్చేటప్పుడు ఇచ్చిన డిశ్చార్జ్ బుక్, పెన్షన్ మంజూరు ఉత్తర్వు (పీపీఓ), 1971 యుద్ధం నాటి సంగ్రామ్ మెడల్. రిబ్బను ఎలుకలు కొరికాయి. మెడల్‌ను కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టి, "ఇది దేనికన్నా పనికొస్తాదా నాయనా" అని అడిగింది. ఏం చెప్పాలో తెలియలేదు.

ఆమె పేరు ఇక్కడ రాయను. చిక్కు మాత్రం ఇలాంటిది. మన పడమటి మండలాల్లో ఉరుకుంద ఈరన్న స్వామి పేరు పెట్టుకోని కుటుంబం తక్కువ. ఈరన్న, ఈరమ్మ, ఉరుకుందమ్మ ఊరూరా ఉంటారు. 1970ల్లో సెలవు మీద వచ్చి పెళ్లి చేసుకున్న జవాను తిరిగి యూనిట్‌కు వెళ్లి భార్య పేరు చెబితే, మన భాష రాని క్లర్కు తనకు వినిపించినట్టు వీరమ్మ అనో, విరామా అనో రాసుకున్నాడు. సైన్యంలో ఆ నమోదును పార్ట్ టూ ఆర్డర్ అంటారు. సైన్యం దృష్టిలో భార్య అంటే అందులో ఉన్న పేరే. నాలుగు దశాబ్దాలకు ఆధార్ వచ్చింది. అందులో ముందు కులం పేరు కూడా చేరి బోయ ఈరమ్మో, కురువ ఈరమ్మో అయింది. భర్త ఉన్నన్నాళ్లూ ఈ తేడా ఎవరికీ పట్టలేదు. ఆయన పోయాక ఫ్యామిలీ పెన్షన్‌కు పెడితే పేరు సరిపోలలేదని వెనక్కి వస్తోంది.

ఆర్టిలరీ రికార్డ్స్ నాసిక్‌లో ఉంటాయి, మద్రాస్ రెజిమెంట్‌వి వెల్లింగ్టన్‌లో. అక్కడ ఉన్నవాళ్లకు ఈరమ్మే వీరమ్మ అని ఎలా తెలుస్తుంది? అఫిడవిట్ ఇస్తాం. దాంతోపాటు ఇద్దరూ ఒకే మనిషి అని స్థానిక అధికారి రాసిచ్చిన కాగితం ఉంటే పని కదులుతుంది. దాని కోసం ఒక మండల కార్యాలయానికి మూడుసార్లు తిరిగాం. మొదటిసారి వీఆర్వో లేరన్నారు. రెండోసారి అలాంటి సర్టిఫికెట్ తమ దగ్గర లేదన్నారు. మూడోసారి కర్నూలు వెళ్లమన్నారు. కర్నూలు వెళ్తే మళ్లీ మండలానికే వెళ్లమన్నారు. అక్కడివాళ్లు చెడ్డవాళ్లని నేను అనను. ఏ నమూనాలో, ఏ ఆధారం చూసి ఇవ్వాలో వాళ్లకు ఎవరూ చెప్పలేదు, సంతకం పెడితే రేపు తమ మెడకు చుట్టుకుంటుందేమోనని వాళ్ల టెన్షన్ వాళ్లది. కనీస ఫ్యామిలీ పెన్షన్ నెలకు 9,000, దానిమీద కరువు భృతి (డీఆర్). ఐదు నెలలుగా ఆ డబ్బు లేక అవ్వ బీపీ మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటోంది.

2025 మేలో శ్రీ సత్యసాయి జిల్లా కల్లితండా జవాను మురళీ నాయక్ సరిహద్దులో ప్రాణాలిస్తే సీమ మొత్తం కదిలింది. కదలాల్సిందే. యుద్ధం నుంచి తిరిగొచ్చి, సేద్యం చేసుకుని, ముసలితనంలో మంచం మీద పోయిన జవాను భార్య కూడా ఆ సైనిక కుటుంబంలోని మనిషే కదా సార్.

అందుకని అడుగుతున్నాను. ఈ పేరు తేడా సర్టిఫికెట్‌కు ఒక నమూనా ఖరారు చేసి, డిశ్చార్జ్ బుక్, ఆధార్, ఊరి పెద్దల వాంగ్మూలం చూసి 15 రోజుల్లో ఇవ్వాలని తహసీల్దార్లందరికీ మీ సంతకంతో ఒక సర్క్యులర్ పంపండి. నెలకు ఒక్కరోజైనా సైనిక సంక్షేమ సిబ్బందిని ఆదోని సబ్ కలెక్టర్ కార్యాలయంలో కూర్చోబెట్టండి. ఆదోని నుంచి కర్నూలుకు వంద కిలోమీటర్ల దాకా ఉంది. కోసిగి, పెద్దకడబూరు వైపు వాళ్లకూ కర్నూలు దూరమే. ఒక సంతకం కోసం తోడు వచ్చిన మనిషి కూలి కూడా పోతుంది.

ఆ క్యాంపు ఉంటే ఇంకో మేలు కూడా జరుగుతుంది. 15 ఏళ్ల సర్వీసు నిండక ముందే ఇంటి పరిస్థితుల వల్ల వచ్చేసిన జవాన్లకు పెన్షన్ ఉండదు. అలాంటి వాళ్లలో 65 ఏళ్లు దాటి, ఆదాయం లేనివాళ్లకు కేంద్రీయ సైనిక బోర్డు ఇచ్చే సాయం 2025 నవంబర్ నుంచి నెలకు 4,000 నుంచి 8,000 అయింది. అలాంటి జవాన్లు పోతే వాళ్ల భార్యలకు కూడా వర్తిస్తుంది. పిల్లల చదువుకు, కూతురి పెళ్లికి ఇచ్చేదీ రెట్టింపు చేశారు. ఒక పెద్దాయన జిన్నింగ్ మిల్లులో రాత్రి కాపలా చేసేవాడు, చూపు తగ్గి మానేశాడు. ఈ సంగతి చెబితే నమ్మక, పక్కనున్న ముగ్గురినీ విడివిడిగా అడిగాడు. ఇలాంటి మాట మా నోటి నుంచి కాక ప్రభుత్వం నోటి నుంచి వినాలి ఆయన.

క్యాంపు తేదీ ఒకటి చెప్పండి. కుర్చీలు, తాగునీళ్లు, జెరాక్స్ మిషన్ మేం చూసుకుంటాం. దూరపు ఊళ్ల వాళ్లను ఆటోల్లో తీసుకొస్తాం. అవ్వ ఫైలు నా దగ్గరే ఉంది. మీ కార్యాలయం నుంచి కబురు వస్తే మరుసటి రోజు పొద్దున్నే తెస్తాను.

ఇట్లు,
ఆదోని నుంచి ఒక హవల్దార్ కొడుకు