ఎండిపోయిన ఆ కుండీలను పారేయకండి

నమస్కారం. శ్రావణమాసంలో తిరుచానూరు రోడ్డులోని మా నర్సరీలో సయాం టులిప్ కుండీలు కొన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మొత్తం 140 కుండీలు అమ్మాను. డిసెంబరు మొదటి వారం నుంచి ఫోన్లు మొదలయ్యాయి. "అక్కా, ఆకులన్నీ పసుపురంగుకు తిరిగి వాలిపోయాయి" అని ఒకరు, "రోజూ నీళ్లు పోస్తున్నా ఎండిపోయింది" అని ఒకరు. కొందరైతే "పారేశామమ్మా" అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా ప్రాణం ఉసూరుమంది.

ఆ మొక్క చావలేదు. నిద్రపోయింది. ఏటా చలికాలంలో పైనంతా ఎండిపోయి, దుంప మాత్రం మట్టిలో బతికి ఉంటుంది. ఈ సంగతి అమ్మేటప్పుడే నేను చెప్పి ఉండాల్సింది. వరలక్ష్మీ వ్రతం ముందు రద్దీలో, తామర మొగ్గలా ఉన్న ఆ గులాబీ పువ్వును చూసి అందరూ అడిగి తీసుకెళ్తుంటే, బిల్లు రాసి కుండీ చేతికిచ్చానే తప్ప రెండు మాటలు చెప్పలేదు. తప్పు నాదే.

పేరులో టులిప్ ఉన్నా దీనికి టులిప్‌తో చుట్టరికం లేదు. ఇది అల్లం కుటుంబం మొక్క, మన పసుపుకు దగ్గర బంధువు. పసుపు కుర్కుమా లోంగా అయితే, ఇది కుర్కుమా అలిస్మాటిఫోలియా. చిత్తూరు వైపు పల్లె నుంచి వచ్చిన ఒక అవ్వ, మనవరాలు పారేయబోయిన కుండీని ఆపించిందట. "పసుపు ఆకు ఎండితే కొమ్ము తవ్వుకుంటాం గానీ, చేను చచ్చిందని ఏడుస్తామా?" అందట. మొక్కలు అమ్మే నాకు తట్టనిది ఆమెకు తట్టింది. ఆ కుండీలో దుంప గట్టిగా, బాగుంది. నేనే వెళ్లి చూసొచ్చాను.

నీళ్లు పోస్తున్నా ఎందుకు ఎండిందని చాలామంది అడిగారు. ఈ మొక్క పగటి పొడవును బట్టి నడుచుకుంటుంది. జూన్‌లో మనకు పగలు దాదాపు 13 గంటలు, డిసెంబరులో 11 గంటల పైచిలుకు. పగలు కురచబడగానే నిద్రకు సిద్ధమవుతుంది. అప్పుడు నీళ్లు పోసి లేపాలని చూస్తే దుంప కుళ్లుతుంది.

మన ఊళ్లో అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఈ మొక్క పుట్టిల్లు థాయ్‌లాండ్, కంబోడియా ప్రాంతం. థాయ్‌లాండ్‌లోని చైయఫూమ్ దగ్గర జూన్ నుంచి ఆగస్టు దాకా ఇవి అడవిలో విరగబూస్తాయి. అక్కడ నవంబరు నాటికి వానలు ఆగిపోతాయి, దుంప పొడి మట్టిలో హాయిగా పడుకుంటుంది. తిరుపతిలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే పెద్ద వానలు, తుపాన్లు. అది నిద్రకు ఒరిగే వేళకే మనకు కుండపోత. మీకు అమ్మాక మిగిలిన వాటిలో 38 కుండీలను షేడ్ నెట్ కిందే వదిలేశాను. నెట్ ఎండను ఆపుతుంది గానీ వానను ఆపదు కదా. తవ్వి చూస్తే దుంపలు మెత్తబడి వాసన కొట్టాయి. కాబట్టి దీపావళి దాటాక నీళ్లు తగ్గించి, కుండీని సన్‌షేడ్ కిందికో వరండాలోకో జరపండి. మిగతా జాగ్రత్తల కంటే మనకు ఇదే ముఖ్యం.

ఇప్పుడు సంక్రాంతి దాటింది. మీ కుండీలో పైన ఏమీ లేకపోతే వేలితో మట్టి కదిపి దుంపను మెల్లగా నొక్కి చూడండి. గట్టిగా ఉంటే అలాగే వదిలేయండి, నీళ్లు వద్దు. బయటికి తీస్తే మాత్రం జాగ్రత్త. దుంప కింద వేళ్ల చివర గోళీల్లాంటి ఉండలు వేలాడుతుంటాయి. మొలకకు కావాల్సిన తిండి, నీరు వాటిలోనే ఉంటాయి. అవి తెగితే మొలక నీరసపడుతుంది. తీసిన దుంపను పొడి కోకోపీట్‌లో, అంటే కొబ్బరి పీచు పొట్టులో, పెట్టి గాలాడే గదిలో ఉంచండి. ఒకరు ఫ్రిజ్‌లో పెట్టామన్నారు, దయచేసి తీసేయండి, అంత చలి దీనికి పడదు.

ఉగాది నాటికి పది అంగుళాల కుండీలో, రెండు మూడు అంగుళాల లోతున నాటండి. ఎర్రమట్టి ఒక్కటే వేస్తే గట్టిపడిపోతుంది. ఇసుక, కోకోపీట్, బాగా మాగిన పశువుల ఎరువు కలపండి. మొలక కనిపించేదాకా తడి తక్కువ ఉంచండి. నెల పైనే పట్టొచ్చు, టెన్షన్ పడొద్దు. రోహిణి కార్తె ఎండల్లో పొద్దుటి ఎండ మాత్రం తగిలేలా చూడండి.

ఇంకొక మాట. టమాటా మొక్కలు వాడిపోయి చచ్చిన మట్టిని దీనికి వాడకండి. మదనపల్లె వైపు టమాటా రైతులను ఏడిపించే బ్యాక్టీరియా వాడు తెగులు దీనికీ సోకుతుంది. ఆకులు పచ్చగా ఉండగానే మొక్క ఉన్నట్టుండి తల వాల్చేస్తే అనుమానించాలి. అది నిద్ర కాదు. అలాంటి మొక్కను మట్టితో సహా తీసేయండి.

నేను చెప్పకపోవడం వల్ల కుండీ పారేసుకున్నవాళ్లకు ఉగాదికి ఒక్కో దుంప ఉచితంగా ఇస్తాను. బిల్లు అక్కర్లేదు, మీ మాట చాలు. నా దగ్గర బాగున్న దుంపలు 52 ఉన్నాయి. చాలకపోతే డబ్బు వెనక్కి ఇస్తాను. ఈ ఏడు కొత్తగా దుంపలు తెప్పించి అమ్మడం లేదు. ముందు మీవి మొలవాలి. ఇకమీదట ప్రతి కుండీతో పాటు ఎప్పుడు పడుకుంటుందో, ఎప్పుడు లేస్తుందో తెలుగులో రాసిన చీటీ ఇస్తాను.

దుంప గట్టిగా ఉందో లేదో తేల్చుకోలేకపోతే కుండీ పట్టుకుని రండి. పొద్దున ఏడు నుంచి పది దాకా నేనే ఉంటాను, కలిసి చూద్దాం.